మాను లావుతో పనిలేదు, చుట్లే లెక్క

పోయిన ఎండాకాలం మా అత్తగారింట్లో మామిడిచెట్టు కొమ్మ ఒకటి పక్కింటి రేకుల షెడ్డు మీదకి వాలిపోతే కొట్టించాల్సొచ్చింది. చిన్న కొమ్మేం కాదు, చూడ్డానికే ఒక 150 కేజీలుంటుంది, అది దబ్బున పడిందంటే రేకులు పోతాయి, రేకులతో పాటు పక్కింటాయనతో మాటలూ పోతాయి. చెట్లు కొట్టేవాళ్ళు ఇద్దరొచ్చారు. ఒకాయన పైకెక్కి కొమ్మకి తాడు కట్టి, ఆ తాడుని ఇంకాస్త పైనున్న పంగలోంచి వేసి కిందకి వదిలాడు, కిందున్న రెండో ఆయన దాన్ని మాను మొదట్లో రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుని నిలబడ్డాడు, అంతే. బక్కపల్చటి మనిషి, యాభై కేజీలు కూడా ఉండడు. పైన కొమ్మ తెగింది, తాడు కిర్రుమంది, ఈయనేమో ఒక చేత్తో కొస కొంచెం కొంచెం వదుల్తూ ఇంకో చేత్తో మమ్మల్ని పక్కకి జరగండి జరగండి అంటున్నాడు. కొమ్మ పల్లకీ దించినట్టు దిగింది.

మా బావమరిది పక్కనే ఉన్నాడు. "మాను లావుగా ఉంది కదా బావా, అంత చెక్కకి తాడు రాసుకుంటది, అందుకే ఆగింది. అదే ఏ సన్నటి పైపుకో చుట్టుంటే జర్రున జారిపోయేది" అన్నాడు. నేనూ తలూపాను. నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి, స్తంభానికి చుట్టిన తాడు ఎంత బరువు ఆపుతుందో చెప్పే ఫార్ములా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, అయినా సరే తలూపాను. రాత్రి పడుకున్నాక వెలిగింది, ఆ ఫార్ములాలో మాను లావు అనేదే లేదు కదా అని.

లావు ఎందుకు లేదో చెప్పాలంటే ముందు అసలు తాడు ఎలా పట్టుకుంటుందో చూడాలి, దానికి ఫార్ములా అక్కర్లేదు, ఊళ్ళో వడ్డీ లెక్క వస్తే చాలు.

తాడు తిన్నగా ఉన్నంతసేపు అది దేన్నీ నొక్కదు. ఒంపు తిరిగినప్పుడే లోపలున్న చెక్కని నొక్కుతుంది. 100 కేజీల లాగుడుతో బిగిసి ఉన్న తాడు ఒక్క డిగ్రీ ఒంపు తిరిగిందనుకోండి, అక్కడ అది చెక్కని నొక్కే బలం సుమారు 1.75 కేజీలు. నొక్కిన దాంట్లో కొంత భాగం రాపిడిగా మారుతుంది, ఎంత భాగం అనేది తాడుని బట్టి, చెక్కని బట్టి ఉంటుంది, ఆ నంబరునే పుస్తకాల్లో మ్యూ అంటారు. తాడుకీ చెక్కకీ మధ్య 0.3 అనుకుందాం, లెక్క చూపించడానికి తీసుకున్న నంబరే ఇది, మీ తాడుకి వేరే ఉండొచ్చు. అప్పుడు రాపిడి 1.75లో 0.3 వంతు, అంటే 0.52 కేజీ. ఒక్క డిగ్రీ తిరిగితే నూటికి అర్ధరూపాయి వడ్డీ అన్నమాట. (బలాన్ని కేజీల్లో చెప్తున్నందుకు ఫిజిక్స్ సార్లు క్షమించాలి, న్యూటన్లు అంటే మా బావమరిది లేచి వెళ్ళిపోతాడు.)

ఇప్పుడు ఒక చుట్టుకి 360 డిగ్రీలు. డిగ్రీకి అర్ధరూపాయి చొప్పున బారు వడ్డీ వేస్తే 188 రూపాయలు వస్తుంది, వంద కాస్తా 288 అవుతుంది, అంటే దాదాపు మూడు రెట్లు. చాలామంది మనసులో వేసుకునే లెక్క ఇదే, ఒక చుట్టుకి మూడు రెట్లయితే రెండు చుట్లకి ఇంకో రెండు రెట్లు కలుస్తుందిలే అని. కానీ తాడు బారు వడ్డీ తీసుకోదు. మొదటి డిగ్రీ దాటాక తాడులో లాగుడు 100 కాదు, 100.52. రెండో డిగ్రీలో చెక్కని నొక్కేది ఆ 100.52, కాబట్టి వడ్డీ కూడా దాని మీదే పడుతుంది, మూడో డిగ్రీలో దాని మీద, అలా వడ్డీ మీద వడ్డీ ఎక్కుతూ పోయి 360వ డిగ్రీ దగ్గరకి వచ్చేసరికి 100 కాస్తా 658 అవుతుంది. ఆరున్నర రెట్లు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. రెండో చుట్టు ఈ 658ని అసలుగా తీసుకుని మళ్ళీ ఆరున్నర రెట్లు చేస్తుంది, 43 రెట్లు. మూడో చుట్టుకి 285. నాలుగుకి 1880. ఐదు చుట్లకి 12 వేల పైచిలుకు, అంటే లెక్క ప్రకారమైతే ఒక కేజీ బలంతో కొస పట్టుకున్న పిల్లాడు ఒక మోస్తరు లోడు లారీ బరువు నిలబెట్టొచ్చు, తాడు తెగకుండా ఉంటే.

మన కొమ్మకి వేసి చూస్తే, 150 కేజీలకి ఒక చుట్టు చాలదు, దాదాపు 23 కేజీల బలంతో పట్టుకోవాలి, ఒంటిచేత్తో కష్టం. రెండు చుట్లకి మూడున్నర కేజీలు. పైగా పైన పంగలోంచి తాడు వేశాడు చూశారా, అది కూడా సగం చుట్టే, తాడు పైకి వెళ్ళి కిందకి తిరిగింది కాబట్టి 180 డిగ్రీలు అక్కడే అయిపోయాయి. మొత్తం రెండున్నర చుట్లు, అంటే 111 రెట్లు, ఆయన చేతిలో ఉన్నది కేజీన్నర లోపు. అరలీటరు వాటర్ బాటిళ్ళు మూడు పట్టుకున్నంత. ఇంకో చేత్తో మమ్మల్ని అదిలించాడంటే అదిలించడా మరి!

దీన్ని పుస్తకంలో బరువు వైపు లాగుడు ఈజ్ ఈక్వల్ టు చేతి వైపు లాగుడు ఇంటూ ఈ పవర్ మ్యూ థీటా అని రాస్తారు, ఇందులో ఈ అంటే 2.718, థీటా అంటే మొత్తం తిరిగిన కోణం రేడియన్లలో (ఒక రేడియన్ అంటే సుమారు 57 డిగ్రీలు). ఓడల్లో తాడు చుట్టి లాగే నిలువు డ్రమ్ముని కాప్‌స్టన్ అంటారు కాబట్టి కాప్‌స్టన్ ఈక్వేషన్ అనే పేరొచ్చింది. 1760లలో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త దీన్ని లెక్కగట్టాడు, తర్వాత 1800ల మొదట్లో ఐటెల్‌వైన్ అనే జర్మన్ ఇంజనీరు తన పాఠ్యపుస్తకంతో ఇంజనీర్లందరికీ చేర్చాడు, అందుకే ఇద్దరి పేర్లూ కలిపి కూడా పిలుస్తారు. ఆ ఈ అనే నంబరు ఎక్కడినుంచి ఊడిపడిందా అని డిప్లొమాలో బుర్ర గోక్కునేవాణ్ణి, అది చక్రవడ్డీ నంబరే, క్షణక్షణానికీ వడ్డీ కలుపుతూ పోతే వచ్చే నంబరు, బ్యాంకులోనైనా తాడులోనైనా అదే. ఈ ఒక్క ముక్క అప్పుడు ఎవరైనా చెప్పుంటే బావుండేది.

ఇక మా బావమరిది పాయింటు. లావు మానుకి తాడు ఎక్కువ పొడవు ఆనుకుంటుంది, నిజమే. కానీ లావు మాను మీద ఒంపు మెల్లగా తిరుగుతుంది కాబట్టి ఒక్కో అంగుళం దగ్గర నొక్కుడు తక్కువ. సన్నటి పైపు మీద ఆనే పొడవు తక్కువ, కానీ ఒంపు గట్టిగా తిరుగుతుంది కాబట్టి అంగుళానికి నొక్కుడు ఎక్కువ. పొడవు రెండింతలైతే నొక్కుడు సగం, రెండూ కలిపితే ఒకటే. ఘాట్ రోడ్డులో వెనక్కి తిరిగే మలుపు చూడండి, సర్రున తిరిగినా పెద్ద రౌండు కొట్టి నిదానంగా తిరిగినా బస్సు తిరిగింది మొత్తం 180 డిగ్రీలే కదా. తాడు కూడా ఎంత దూరం తిరిగింది అని చూడదు, ఎంత తిరిగింది అనే చూస్తుంది. మరీ సన్నటిదాని మీద లావు తాడు చుడితే మాత్రం తాడుకి సొంత బిరుసు ఉంటుంది, అది ఒంగనని మొరాయిస్తుంది, అప్పుడు లెక్క కొంచెం తప్పుతుంది, ఆ మేరకు మా వాడికి ఒక పావు మార్కు.

ఇక్కడ ఇంకో తికమక ఉంది, బావి గిలకతో చెప్తే తేలిగ్గా తెలుస్తుంది. గిలక బాగా తిరిగేటప్పుడు తాడు దాని మీద జారదు, గిలకే తిరుగుతుంది, 20 కేజీల బకెట్‌కి సుమారు 20 కేజీలే లాగాలి. గిలక తుప్పు పట్టి బిగుసుకుపోయిందనుకోండి, ఇప్పుడది గిలక కాదు, ఒక దుంగ. తాడు దాని మీద సగం చుట్టు, 0.3 లెక్కన రెండున్నర రెట్లు పైనే. నీళ్ళు తోడాలంటే 51 కేజీలు లాగాలి, నడుం పోతుంది. అదే బకెట్ కిందకి దించేటప్పుడు ఎనిమిది కేజీలు పట్టుకుంటే చాలు. అదే తాడు, అదే దుంగ, అదే బకెట్. రాపిడి ఎప్పుడూ కదలికకి అడ్డం పడుతుంది, మీరు పైకి లాగితే మీకు అడ్డం, బకెట్ కిందకి దిగబోతే బకెట్‌కి అడ్డం.

మరి ఎనిమిదికీ 51కీ మధ్యలో ఎంత బలంతో పట్టుకుంటే ఏమవుతుంది? ఏమీ అవ్వదు. పది పెట్టినా, ముప్పై పెట్టినా, నలభై పెట్టినా బకెట్ అక్కడే ఉంటుంది, రాపిడి తనకి కావాల్సినంత మాత్రమే వాడుకుని మిగతాది దాచుకుంటుంది. ఫార్ములా చెప్పేది జారడానికి సరిగ్గా ముందు క్షణం సంగతి, ఆ గీత దాటితే జారుతుంది అని, అంతే తప్ప తాడులో ఎప్పుడూ అదే నిష్పత్తి ఉంటుందని కాదు. పరీక్షల్లో సగం మంది దెబ్బతినేది ఇక్కడే, నేను కూడా ఒకసారి తిన్నాను.

చక్రవడ్డీ అన్నాక ఇంకో సంగతి దానంతటదే వస్తుంది. అసలు సున్నా అయితే? సున్నాని 43తో హెచ్చేసినా 12 వేలతో హెచ్చేసినా సున్నానే. అంటే ఎన్ని చుట్లు చుట్టినా కొసని ఎవరో ఒకరు, ఎంతో కొంత పట్టుకోవాలి, పూర్తిగా వదిలేస్తే లెక్క ప్రకారం మొత్తం జారిపోవాల్సిందే. గుంజకి దూడ తాడు ఊరికే నాలుగు చుట్లు తిప్పి వదిలేస్తే అది అటూ ఇటూ గెంతి కాసేపటికి విడిపించుకుంటుంది, ముడి వేస్తే విడిపించుకోలేదు, ఎందుకని?

ఎందుకంటే ముడిలో కొస ఊరికే వేలాడదు, చుట్టు కిందకి దూరి ఉంటుంది. దూడ ఎంత గట్టిగా లాగితే ఆ చుట్టు అంత బిగుసుకుని కింద ఉన్న కొసని అంత గట్టిగా తొక్కిపెడుతుంది. కొసని పట్టుకోవడానికి మనిషి అక్కర్లేదు, ఆ అసలేదో దూడే పెడుతుంది, దాని మీద వడ్డీ కూడా దూడకే పడుతుంది, పాపం. నన్నడిగితే ముడి అంటే ఇంతే, చుట్లు పెంచి పెంచి, చివర్లో ఆ బుల్లి అసలుని తాడు తనకి తనే హామీ పెట్టుకునేలా చేయడం. నున్నటి ప్లాస్టిక్ తాడుకి మామూలు ముడులు జారిపోయేది కూడా ఇందుకే, తొక్కిపెట్టినా రాపిడి పుట్టదు, మ్యూ తక్కువ. పీచు తాడుతో నేర్చుకున్న ముడికి ప్లాస్టిక్ తాడైతే ఇంకో మెలిక ఎక్కువ వేస్తారు.

ఇంతవరకు రాపిడి మనవైపు ఉంది. ఎదురు తిరిగితే ఎలా ఉంటుందో ఇల్లు కట్టించినప్పుడు చూశాను. గోడల్లో పైపులేసి ప్లాస్టరింగ్ అయిపోయాక ఎలక్ట్రీషియన్ వైర్లు లాగుతుంటే ఒక గదికి మాత్రం రాలేదు. "బెండ్లు ఎక్కువైపోయినయ్ సార్, ఇది రాదు" అన్నాడు. సబ్బు రాశాడు, పౌడరు వేశాడు, ఇద్దరు కలిసి లాగారు, వైరు తొడుగు చిరిగింది గానీ అంగుళం కదల్లేదు. నేను అప్పుడు సాకు చెప్తున్నాడనుకున్నా. ఇప్పుడు లెక్కేస్తే అతనిదే కరెక్టు. చుట్లన్నీ ఒకే స్తంభం మీద ఉండాలని ఏం లేదు కదా, ఎక్కడ ఒంగినా కోణం కోణమే, అన్నీ కలుస్తాయి. ఒక్కో బెండు 90 డిగ్రీలు, నాలుగు బెండ్లయితే ఒక పూర్తి చుట్టు. అవతలి కొస దగ్గర వైరు 2 కేజీల బిగువుతో ఉందనుకుంటే నాలుగు బెండ్లకి 13 కేజీలు లాగాలి, ఆరు బెండ్లకి 34, ఎనిమిది బెండ్లకి 87. మా ఇంట్లో ఎన్నున్నాయో చెప్పను, పైపులు ఎలా వెయ్యాలో దగ్గరుండి చెప్పింది నేనే.

మధ్యలో జంక్షన్ బాక్స్ పెడితే ఎందుకు సుఖమో కూడా ఇందులోనే ఉంది. బాక్స్ దగ్గర వైరుని మొత్తం బయటికి లాగేసి వదులుగా పడేస్తారు, అంటే అక్కడికి పాత బాకీ మొత్తం తీరిపోయినట్టే, మళ్ళీ 2 కేజీల చిన్న అసలుతో కొత్త ఖాతా మొదలవుతుంది. నాలుగేసి బెండ్లు రెండుసార్లు లాగితే రెండు పదమూడులు, ఒకేసారి లాగితే 87.

ఫ్లైఓవర్లు, మెట్రో వంతెనల్లో కాంక్రీటు లోపల ఉక్కు తీగల కట్టలు పెట్టి జాకీలతో లాగి బిగిస్తారు, అక్కడా ఇదే బాధ. తీగ గొట్టంలో ఒంపు తిరిగిన కొద్దీ లాగుడు తగ్గిపోతూ ఉంటుంది, జాకీ దగ్గర ఉన్నంత బిగువు అవతలి కొసకి చేరదు. మన ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్ కోడ్‌లో ఈ నష్టానికి ఇచ్చిన ఫార్ములా ఇదే ఈ పవర్ మైనస్ మ్యూ ఇంటూ కోణం, తిన్నగా ఉన్నట్టు కనిపించే చోట కూడా గొట్టం కొంచెం వంకరటింకరగా ఉంటుంది కాబట్టి దానికని పొడవుని బట్టి ఇంకో ముక్క కలుపుతారు. పొడుగు కేబుళ్ళని రెండు వైపుల నుంచీ లాగేది అందుకే.

చుట్లు పెంచడానికి వీల్లేని చోట ఏం చేస్తారు మరి? మోటారు మీద బెల్టు సగం చుట్టు కన్నా పెద్దగా తిరగదు. కోణం పెరగనప్పుడు మ్యూని పెంచాలి, దానికి రబ్బరే మార్చక్కర్లేదు, గాడి ఆకారం మారిస్తే చాలు. పిండిమర దగ్గర చూడండి, బెల్టు అడుగు తిరగేసిన గోపురంలా సన్నగా ఉండి పుల్లీ గాడిలో మేకులా ఇరుక్కుంటుంది. అలా ఇరుక్కున్నప్పుడు రెండు పక్కలా నొక్కుడు పెరుగుతుంది, 40 డిగ్రీల గాడి అయితే రాపిడి మామూలు దానికి దాదాపు మూడింతలు. మూడింతలు కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఈ మ్యూ కూర్చునేది పవర్‌లో. బల్లపరుపు బెల్టుకి సగం చుట్టులో రెండున్నర రెట్లు వచ్చేచోట ఈ వీ బెల్టుకి 15 రెట్ల పైనే వస్తుంది.

మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ కూడా ఇలాంటి గాడి మీదే వేలాడుతోంది. లిఫ్ట్ తాడుని పైన డ్రమ్ముకి కట్టేసి ఉంటారని చాలామంది అనుకుంటారు, మామూలుగా అపార్ట్‌మెంట్లలో ఉండే తాళ్ళ లిఫ్టుల్లో అలా కట్టి ఉండదు. తాళ్ళు పుల్లీ మీంచి సుమారు సగం చుట్టు తిరిగి అవతల కౌంటర్ వెయిట్‌కి, అంటే గదికి సరితూగేలా పెట్టిన బరువుకి, వెళ్తాయి, లిఫ్ట్‌ని కదిపేది ఉత్త రాపిడే. 8 మంది, 544 కేజీలు అని లోపల రేకు మీద రాసి ఉంటుంది, మనిషికి 68 కేజీల లెక్క. ఖాళీ లిఫ్ట్ గది బరువు 800 కేజీలు అనుకుందాం, కౌంటర్ వెయిట్‌ని గది బరువుకి ఫుల్ లోడులో దాదాపు సగం కలిపి పెడతారు, అంటే 1072. ఖాళీగా ఉన్నప్పుడు ఒక వైపు 1072, ఇంకో వైపు 800, నిష్పత్తి 1.34. ఉక్కు తాడు నున్నటి ఇనప పుల్లీ మీద ఉంటే మ్యూ 0.1 దగ్గర, సగం చుట్టుకి 1.37 రెట్లు మాత్రమే పట్టు. 1.34కీ 1.37కీ మధ్య వెంట్రుకవాసి, లిఫ్ట్ కొంచెం కుదుపుతో ఆగితే జారిపోతుంది. అందుకే పుల్లీలో గాడి అడుగు కోసి తాడు అంచుల మీద ఇరుక్కునేలా చేస్తారు, రాపిడి ఇంచుమించు రెట్టింపయితే పట్టు 1.87కి చేరుతుంది, అప్పుడు గుండెల మీద చెయ్యేసుకుని ఎక్కొచ్చు.

జారడం ఇక్కడ మంచి కూడా చేస్తుంది. ఏదో లోపం వల్ల లిఫ్ట్ పైన ఆగకుండా ఇంకా పైకి పోతోందనుకోండి, కౌంటర్ వెయిట్ కింద గుంటలో బఫర్ మీద, అంటే దెబ్బ తగలకుండా ఆపే స్ప్రింగు లాంటిదాని మీద, కూర్చుంటుంది. కూర్చోగానే ఆ వైపు తాడు వదులైపోతుంది, అంటే అసలు దాదాపు సున్నా. మోటారు తిరుగుతూనే ఉన్నా తాడు పుల్లీ మీద జారుతుంది తప్ప గదిని పైకి లాగి స్లాబుకి గుద్దదు. డ్రమ్ముకి తాడు కట్టేసి చుట్టే పద్ధతిలో ఈ రక్షణ లేదు.

ఇంతా చెప్పి ఈ లెక్కని మరీ నమ్మేయమని అనను. మ్యూ ఒకటే నంబరు అన్నట్టు రాశాను గానీ అది కుదురుగా ఉండదు, నైలాన్, ప్లాస్టిక్ తాళ్ళకి బరువుని బట్టి మారుతుంది, బెరడు మీద నాచు ఉంటే మారుతుంది, తాడు పాతబడితే మారుతుంది. ఆ మార్పు మళ్ళీ పవర్‌లోనే కూర్చుంటుంది కాబట్టి 0.3 కాస్తా 0.2 అయితే మూడు చుట్ల పట్టు 285 నుంచి 43కి పడిపోతుంది. ఒక చుట్టు ఊడిపోయినట్టే. అందుకని తాడుతో పనిచేసేవాళ్ళు ఎవరూ అంచున లెక్కేసుకోరు.

వేడి సంగతి కూడా ఉంది. 150 కేజీల కొమ్మ 4 మీటర్లు దిగితే దాని శక్తి ఎక్కడికీ పోదు, దాదాపు మొత్తం తాడులోకీ బెరడులోకీ వేడిగా వెళ్తుంది, అరగ్లాసు నీళ్ళని, అంటే ఒక 100 మిల్లీలీటర్లని, 14 డిగ్రీలు వేడిచేసేంత. వినడానికి తక్కువే, కానీ అది తాడు పైపొర మీదే పుడుతుంది, వేగంగా వదిలితే పాలీప్రొపిలీన్ తాడు 160 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది కాబట్టి పైన నిగనిగలాడుతూ గట్టిపడిపోతుంది. చేతుల సంగతి చెప్పక్కర్లేదు. గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో సరిగ్గా ఈ బాధ గురించే రాశాడు, అందులో సాగ్రెడో అనే పాత్ర చెప్పేదాని ప్రకారం, కిటికీలోంచి తాడు మీద దిగాలనుకున్న ఆ పాత్ర చుట్టం కుర్రాడొకడు అరచేతులు కాలకుండా ఒక చెక్క గుండ్రటి దిమ్మకి మరలా గాడి తీసి, తాడుని ఆ గాడిలో తిప్పి, పైన గొట్టం తొడిగి పట్టుకుని దిగేవాడట. ఫార్ములా రావడానికి ఇంకా వందేళ్ళ పైనే ఉంది, కుర్రాడు మాత్రం దిగిపోయాడు.

మా చెట్టు కొట్టినాయన్ని వెళ్ళేముందు అడిగాను, రెండు చుట్లే ఎందుకు వేశావు, మూడేస్తే ఇంకా భద్రం కదా అని. "మూడేస్తే కొమ్మ దిగదు సార్, ఆడే ఏలాడతది" అన్నాడు. ఇంటికొచ్చి వేసి చూశాను. మూడు చుట్లు, పైన పంగ సగం, మొత్తం 730 రెట్ల పైనే. 150 కేజీలకి కొస దగ్గర కావాల్సింది 200 గ్రాములు, ఆయన వెనక నేల మీద పడున్న మిగతా తాడు బరువే అంతకన్నా ఎక్కువుంటుంది.